కలలోనికి పలాయనం

సాహిత్య విమర్శలో కొన్ని మాటలు నిందావాచకాలుగా స్థిరపడిపోయినవి. ‘పలాయనవాదం’ అట్టి మాటలలో ఒకటి. లోకంలోని కష్టాన్ని ఎదుర్కొనలేక ఊహలలోనికి తప్పుకొన్నాడని కవిని ఈ ఒక్క మాటతో కొట్టివేయడం పరిపాటి. తెలుగులో భావకవులకు ఈ నింద తప్పలేదు. వారికి ఎంతో కొంత ప్రేరణనిచ్చిన ఆంగ్ల కాల్పనిక కవులకూ తప్పలేదు. ఆ కవులలోనూ గోథిక్ ఛాయలు గల కవిత్వం వ్రాసినవారు దీనిని మరింత ఎక్కువగా మోసినారు. శిథిలమైన కోటలు, పాడుబడిన సమాధులు, అర్ధరాత్రి గాలులు, మరణించిన ప్రేయసులు, వీటన్నింటినీ కప్పివేసిన ఒక దీర్ఘమైన కల - ఇంతకు మించి ఆ కవిత్వంలో ఏమున్నదని ఆక్షేపణ. పగటి వెలుగును చూడలేని దుర్బలులు చీకటి కలలో తలదాచుకొన్నారట! ఈ మాటలో సగం నిజం ఉన్నది. వారు కలలోనికి పారిపోయిన మాట వాస్తవమే. కాని అక్కడ వారికి ఎదురైనది ఏమిటన్న ప్రశ్నను ఆక్షేపించినవారు వేసికొనలేదు. ఆ ప్రశ్న వేసికొని చదివినవారికి ఆ పద్యాలు వేరొక విధంగా కనిపిస్తాయి.

‘గోథిక్’ అన్న మాట కూడ మొదట నిందగానే వాడుకలోనికి వచ్చినది. రోము సామ్రాజ్యంపై దండెత్తిన ఉత్తరాది జాతులలో గోథులు ఒకరు. మధ్యయుగాలలో ఐరోపా అంతటా లేచిన ఎత్తైన, మొనదేలిన తోరణాల చర్చిలను చూచి, గ్రీకు రోము శిల్పమే శిల్పమని నమ్మిన ఇటలీ పండితులు, ఇదంతా గోథుల మొరటు పని అని ఈసడించారు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో అభిరుచి మారి, ఆ మొరటుతనమే కొందరికి మనోహరమైనది. వారిలో ప్రముఖుడు హోరేస్ వాల్‌పోల్. ప్రధానమంత్రిగా పనిచేసిన రాబర్ట్ వాల్‌పోల్ కుమారుడాయన. థేమ్స్ నది సమీపంలో స్ట్రాబెరీ హిల్ అన్న తన భవనాన్ని పాతకోట వలె తీర్చిదిద్దుకొన్నాడు. 1764 జూన్ నెల మొదట్లో ఆయనకు ఒక కల వచ్చినది. కలలో తాను ఒక ప్రాచీన దుర్గంలో ఉన్నాడు. పెద్ద మెట్లవరుస పైభాగాన, పిట్టగోడ మీద, ఇనుప కవచం తొడిగిన ఒక బ్రహ్మాండమైన చేయి కనిపించినది. ఆ సాయంకాలమే కూర్చొని, ఏమి వ్రాయబోతున్నాడో తనకే తెలియకుండా వ్రాయనారంభించినట్లు ఆయన ఒక మిత్రునికి లేఖలో తెలిపాడు. అదే ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ అన్న నవల. 1765లో వచ్చిన రెండవ ముద్రణకు ‘గోథిక్ కథ’ అన్న ఉపశీర్షికను చేర్చాడు. కనుక గోథిక్ నవల ఒక కలలోనుండి పుట్టినదని చెప్పడం అతిశయోక్తి కానేరదు.

కవిత్వంలో ఈ ధోరణికి అంతకుముందే బీజాలు పడినవి. ఎడ్వర్డ్ యంగ్ ‘నైట్ థాట్స్’ 1742-45 నడుమ, రాబర్ట్ బ్లెయిర్ ‘ది గ్రేవ్’ 1743లో వెలువడినవి. శ్మశానవాటికలో నిలిచి మృత్యువును ధ్యానించే కవులు కావడంచేత వీరిని శ్మశాన కవులని పిలిచారు. చిత్రకళలో చెప్పవలసినది ఫ్యూసెలీ గీసిన ‘ది నైట్‌మేర్’. 1782లో రాయల్ అకాడమీ ప్రదర్శనలో దానిని చూచినవారు ఉలిక్కిపడ్డారు. నిద్రించే యువతి రొమ్ముపై ఒక వికృతాకారం చతికిలబడి ఉంటుంది. నిద్రలో గుండెలమీద ఎవరో కూర్చున్నట్లు తోచడం ఏ దేశపు వారికైన తెలిసిన అనుభవమే.

అది హేతువాదం తలయెత్తిన శతాబ్దం. న్యూటను ప్రకృతి నియమాలను గణితంలో నిరూపించిన పిమ్మట, బుద్ధికి అందనిది లోకంలో ఏదీ మిగలదన్న ధీమా విద్యావంతులలో ప్రబలినది. అట్టి కాలంలో శోకానికి, అపరాధభావానికి, మృత్యుభయానికి చోటు కావాలంటే కవి రాత్రిని ఆశ్రయించవలసి వచ్చినది. పగలు చెప్పరాని మాట కలలో చెప్పవచ్చును. కలకు సంజాయిషీ ఇవ్వనక్కరలేదు కదా!

ఈ కవులలో కలలోనికి మిక్కిలి దూరం పోయినవాడు శామ్యూల్ టేలర్ కోల్‌రిజ్. ఆయన ‘కుబ్లా ఖాన్’ ఖండిక కథ ఆంగ్ల సాహిత్య విద్యార్థులందరికీ పరిచితమే. 1797లో అనారోగ్యంతో పోర్‌లాక్ గ్రామ సమీపాన ఒక పల్లెటింటిలో ఉన్నప్పుడు, మందు ప్రభావంతో చదువుతున్న పుస్తకం మీదనే నిద్రపోయాడట. మూడు గంటల నిద్రలో రెండు మూడు వందల పంక్తుల పద్యం తనంత తానే రూపుదిద్దుకొన్నదట. మేల్కొని ఆత్రంగా వ్రాస్తూ ఉండగా పోర్‌లాక్ నుండి ఎవరో పనిమీద వచ్చి గంటకు పైగా కూర్చున్నాడు. అతడు వెళ్ళిన తరువాత చూచుకొంటే కల చెదిరిపోయినది. మిగిలినది 54 పంక్తులు మాత్రమే. ఈ కథను అక్షరాలా నమ్మని విమర్శకులు ఉన్నారు. అది అట్లుండనిచ్చినా, ఆ మందు నల్లమందు అన్నది మాత్రం కల్పన కాదు. పద్యం వ్రాతప్రతి మీద కవి స్వయంగా ఆ సంగతిని వ్రాసికొన్నాడు.

ఈ ఒక్క కథ వలన యువ పాఠకులలో ఒక ప్రమాదకరమైన భ్రమ వ్యాపించినది. మత్తులో కలలు వస్తాయి, కలలలో కవిత్వం వస్తుంది అన్నదే ఆ భ్రమ. ఆనాటి ఇంగ్లండులో నల్లమందును సారాలో కలిపిన ద్రావణం ఏ చిల్లర కొట్టులోనైన దొరికేది. 1868లో చట్టం వచ్చేవరకు దాని అమ్మకానికి అదుపు లేదు. పంటినొప్పికి, దగ్గుకు, పసిపిల్లల ఏడుపు మాన్పడానికి కూడ వాడేవారు. కోల్‌రిజ్ సైతం శరీరబాధకు ఉపశమనంగానే దానిని పుచ్చుకొన్నాడు. తరువాత అది ఆయనను పుచ్చుకొన్నది. 54 పంక్తుల వెనుక ఉన్న కలను అందరూ చెప్పుకొంటారు. ఆ తరువాతి రాత్రులను చెప్పేవారు తక్కువ.

ఆ రాత్రులను కోల్‌రిజ్ తానే చెప్పాడు. 1803లో ఆయన వయస్సు ముప్పది సంవత్సరాలు. వర్డ్స్‌వర్త్‌తోను, ఆయన సోదరి డొరొతీతోను కలిసి స్కాట్లండు యాత్రకు బయలుదేరి, నడుమ వారిని విడిచి ఒంటరిగా నడక సాగించాడు. ఎనిమిది రోజులలో 263 మైళ్ళు నడిచానని లేఖలలో వ్రాసికొన్నాడు. అంతగా అలసిపోతేనైన రాత్రి నిద్ర సుఖంగా పడుతుందని ఆయన ఆశ. ఆ ఆశ నెరవేరలేదు. సెప్టెంబరులో తన తోడల్లుడైన రాబర్ట్ సౌదీకి వ్రాసిన ఉత్తరంలో ఒక పద్యాన్ని జోడించాడు. అదే ‘ది పెయిన్స్ ఆఫ్ స్లీప్’. నిద్ర పెట్టే యాతనలు అని దాని అర్థం.

ఆ పద్యంలో కోటలు లేవు, సమాధులు లేవు. పడుకొనబోయే ఒక మనిషి, అతని మంచం, అంతే. పూర్వం పడుకొనే ముందు మోకరిల్లి మాటలతో ప్రార్థించే అలవాటు తనకు లేదని, ప్రేమభావంతో మనస్సును నెమ్మదిగా కుదుటపరచుకొనేవాడినని చెబుతాడు. గడచిన రాత్రి మాత్రం వేదనతో బిగ్గరగా ప్రార్థించవలసి వచ్చినది. కలలో భూతాకారాలు మూగినవి. కోరిక, ఏవగింపు ఒకదానితో ఒకటి పెనవేసికొన్నవి. ఏదో పాపం జరిగినది. అది తాను చేసినదో, తనకు జరిగినదో తెలియదు. సిగ్గు, పశ్చాత్తాపం మాత్రం తనవే. మూడవ రాత్రి తన కేకకు తానే మేల్కొని పసిబిడ్డ వలె ఏడ్చాడు. ఘోరపాపులకు ఈ శిక్ష తగును గాని, ప్రేమించడం, ప్రేమింపబడడం తప్ప మరేమీ కోరని తనకెందుకని అడుగుతాడు. పద్యం అక్కడ ముగుస్తుంది. జవాబు లేదు. నల్లమందు పేరు ఒక్కమారైన రాదు. రోగి తన రోగం పేరు తప్ప అన్నీ చెప్పిన పద్యమిది. ఆంగ్లంలో ఇంతకంటె అలంకారసంపన్నమైన గోథిక్ పద్యాలు ఎన్నో ఉండవచ్చును. ఇంతకంటె భయంకరమైనది మాత్రం అరుదు.

గమనింపదగిన సంగతి మరొకటి ఉన్నది. ‘కుబ్లా ఖాన్’, ‘ది పెయిన్స్ ఆఫ్ స్లీప్’ రెండూ 1816లో ఒకే చిన్న పుస్తకంలో, ‘క్రిస్టబెల్’ తోపాటు అచ్చయినవి. మొదటి కలకు భేదం చూపడానికే రోగపు కలను దాని ప్రక్కన చేర్చానని పీఠికలో కవియే చెప్పాడు. అందమైన కలను మాత్రమే అచ్చు వేసికొని ఉంటే ఆయనను అడిగేవారు ఎవరు? రెండవదానిని దాచుకొనలేదు. ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో ఆయన లండను శివార్లలోని హైగేట్‌లో గిల్మన్ అన్న వైద్యుని ఇంట చేరాడు. కొద్దికాలం చికిత్సకని వెళ్ళినవాడు, 1834లో మరణించేవరకు ఆ ఇంటనే ఉండిపోయాడు.

జాన్ కీట్స్ కథ వేరు. వైద్యవిద్య చదివిన యువకుడు. 1818 డిసెంబరు 1న అతని తమ్ముడు టామ్ పందొమ్మిదవ యేట క్షయవ్యాధితో కన్నుమూశాడు. చివరి మాసాలలో ప్రక్కనుండి సేవ చేసినవాడు కీట్సే. అయిదు నెలలు తిరగకముందే, 1819 ఏప్రిల్‌లో ‘లా బెల్ డామ్ సాన్ మెర్సీ’ వ్రాశాడు. దయలేని సుందరి అని ఆ ఫ్రెంచి మాటల భావం. కోతలు ముగిసిన చలికారు పొలాలలో ఒక యోధుడు ఒంటరిగా తిరుగుతూ ఉంటాడు. ముఖం పాలిపోయినది, నుదుట జ్వరపు చెమట. అతనికి ఒక దేవకన్య వంటి స్త్రీ ఎదురై, తన గుహకు తీసికొనిపోయి జోకొట్టి నిద్రపుచ్చినది. ఆ నిద్రలో కల వచ్చినది. పాలిపోయిన రాజులు, రాకుమారులు, యోధులు ఆకలితో ఎండిన నోళ్ళు తెరచి, నీవు ఆమెకు బందీవైపోయినావని హెచ్చరించారు. కన్ను తెరిస్తే చల్లని కొండచరియ.

ఇక్కడ కల పని చిత్రమైనది. యోధుడు పారిపోయినది మేలుకొని ఉన్నప్పుడు, ఆ సుందరితో. కల వచ్చి అతనికి సత్యం చెప్పినది. ఆ రాజుల ముఖాలు ఎవరి ముఖాలో కీట్సుకు తెలియకపోలేదు; తమ్ముని మంచం ప్రక్క రాత్రుల తరబడి కూర్చున్నవాడు. నాట్యశాస్త్రంలో భరతముని ముప్పదిమూడు సంచారిభావాలను పేర్కొంటూ నిద్రను, సుప్తిని, విబోధాన్ని వేరువేరుగా లెక్కించాడు. నిద్రపోవడం ఒకటి, కలగనడం ఒకటి, మేలుకొనడం మరొకటి. కీట్సు పద్యభారమంతా ఈ మూడవదానిపైననే నిలిచి ఉన్నది. యోధుడు మేలుకొన్నాడు గాని కొండచరియను విడిచి పోలేకపోతున్నాడు. తరువాత రెండేండ్లు నిండకుండానే, 1821 ఫిబ్రవరిలో, అదే క్షయతో కీట్సు రోమునగరంలో మరణించాడు. అప్పటికి ఇరువదియైదేండ్లు.

అట్లాంటిక్ సముద్రానికి ఆవల, అమెరికాలో, ఎడ్గార్ ఎలన్ పో కలనే ఇల్లుగా చేసికొన్నాడు. కన్నతల్లి 1811లో మరణించేనాటికి అతనికి మూడేండ్లు నిండలేదు. పెంచిన తల్లి 1829లో పోయినది. భార్య వర్జీనియాకు 1842 జనవరిలో పాట పాడుతూ ఉండగా నోట రక్తం పడినది. ఆమె బ్రతుకుతుందన్న ఆశ, పోతుందన్న భయం అయిదేండ్లపాటు ఆ ఇంట ఒకదానివెంట ఒకటి తిరిగినవి. 1847 జనవరి 30న ఆమె కన్నుమూసినది. ఇరువదినాలుగేండ్లు. కన్నతల్లి పోయిన వయస్సు కూడ అంతే.

ఆమె వ్యాధితో ఉన్న కాలంలోనే, 1844లో, ‘డ్రీమ్ లాండ్’ అచ్చయినది. దేశకాలాలు రెండింటికీ వెలుపల ఉన్న ఒక స్వప్నసీమను పో అందులో కల్పించాడు. అడుగులేని లోయలు, ఒడ్డులేని సముద్రాలు, కదలిక లేని నిర్జీవమైన సరస్సులు. పారిపోదలచినవానికి ఇంతకు మించిన దూరం లేదు. ఆ దూరతీరంలో బాటసారికి ఎదురైనవారు ఎవరు? ముసుగు కప్పుకొన్న జ్ఞాపకాలు, ఏనాడో మట్టిలో కలిసిన మిత్రుల తెల్లని ఆకారాలు. ఎవరిని మరువడానికి బయలుదేరాడో వారే అక్కడ కాపురమున్నారు. వేదన పడినవారికి ఇది శాంతినిచ్చే సీమ అని పో అంటాడు, నిజమే. అయితే ఆ సీమకు ఒక శాసనం ఉన్నది. అక్కడ కనులు తెరచి చూడరాదు. మసకబారిన అద్దాలలోనుండి చూడవలసినదే. ఈ షరతును గుర్తించిన కవిని మోసపోయినవాడని ఎట్లు అనగలం?

సంస్కృత నాటకాలు చదివినవారికి ఈ ఘట్టంలో భాసుని ‘స్వప్నవాసవదత్తం’ జ్ఞప్తికి రాక మానదు. మరణించినదని నమ్మిన వాసవదత్తతో ఉదయనుడు కలలో మాటలాడతాడు. ఆమె నిజంగానే ఆ గదిలో ఉన్నది, శయ్యనుండి జారిన అతని చేతిని మెల్లగా పైకి చేర్చి వెళ్ళిపోతుంది. అక్కడ కల సత్యానికి పొరుగున ఉన్నది. చివరకు దంపతులు కలుసుకొంటారు. పో లోకంలో మరణించినవారు మరణించినవారే. కల వారిని చూపగలదు, ఇవ్వలేదు.

1849 మార్చి 31న అచ్చయిన ‘ఎ డ్రీమ్ వితిన్ ఎ డ్రీమ్’ లో పో ఇంకొక మెట్టు దిగాడు. కలలో కల అని శీర్షిక. మొదటి భాగంలో ప్రియురాలిని వీడుకొంటూ, కనబడేదంతా కలలోని కలయే అని నిబ్బరంగా చెబుతాడు. అంతటితో ఆపి ఉంటే మన పాఠకులు దానిని మాయావాదంగా భావించి తల ఊపేవారు. రెండవ భాగంలో అతడు సముద్రతీరాన నిలిచి, గుప్పిట పట్టిన కొద్దిపాటి ఇసుకరేణువులు వ్రేళ్ళ సందున జారిపోతూ ఉంటే ఏడుస్తున్నాడు. ఒక్క రేణువునైన అలనుండి కాపాడలేనా అని దైవాన్ని అడుగుతాడు. పద్యం చివర మొదటి వాక్యమే తిరిగి వస్తుంది గాని, ఈమారు ప్రశ్నగా వస్తుంది. అంతా కలయేనా అని. నిబ్బరంగా ప్రారంభమైన మాట భయంగా ముగిసినది. జగత్తు కల అన్న మాట వేదాంతికి ఊరట కావచ్చును. ఒక్క రేణువైన నిజం కావాలని కోరేవానికి అది ఊరట కాదు. ఆ అక్టోబరు 7న బాల్టిమోర్ నగరంలో పో మరణించాడు.

ఆలంకారికుల పరిభాషలో చెప్పదలచినవారు గోథిక్ కవిత్వాన్ని భయానక రసం క్రింద చేర్చి ఊరకుంటారు. ఆ వర్గీకరణ పైపైదే. ‘డ్రీమ్ లాండ్’ చదివి ఎవరు భయపడతారు? స్థాయిగా ఉన్నది శోకం. భయం దానికి తొడిగిన ముసుగు. ఈ ముసుగును మాత్రమే అనుకరించిన పద్యాలు ఆనాటి పత్రికల నిండా కుప్పలుగా వచ్చినవి. గుడ్లగూబ, చంద్రబింబం, తెల్లచీర, ఊళ - దినుసులన్నీ సమకూర్చితే పద్యమైపోయేది. పలాయనవాదమన్న నింద అట్టివానికి చెల్లుతుంది. అక్కడ కలలో కవికి ఏ నష్టమూ ఎదురు కాదు, చీకటి కేవలం అలంకారంగా మిగులుతుంది. మంచివానిని చెడ్డవానితో కలిపి తూచినందువల్లనే ఇంతకాలం తీర్పు తప్పినది.

అయితే కల నిజంగా విడుదల చేసిన సందర్భం ఒక్కటైన లేదా అన్న ప్రశ్న మిగిలి ఉన్నది. ఉన్నది. ఎమిలీ బ్రాంటీ 1846లో ఎల్లిస్ బెల్ అన్న మారుపేరుతో ప్రకటించిన ‘ది ప్రిజనర్’ అన్న ఖండిక అట్టిది. అక్కాచెల్లెళ్ళు మువ్వురూ కలిసి వేసిన ఆ కవితాసంపుటి మొదటి ఏడాదిలో రెండే ప్రతులు అమ్ముడుపోయినది. ఇంటి ఎదుటనే శ్మశానం ఉన్న హావర్త్ గ్రామపు అర్చకగృహంలో పెరిగిన పిల్లలు వారు. గోథిక్ వాతావరణం కొరకు వారు పుస్తకాలు వెదకవలసిన పని లేకపోయినది.

పద్యంలో కోట యజమాని తన నేలమాళిగలోనికి విలాసంగా దిగివచ్చి, సంకెళ్ళలో ఉన్న ఒక యువతిని చూస్తాడు. ఆమె బెదరదు. ప్రతి రాత్రి తన వద్దకు ఒక దూత వస్తాడని, గాలులతోను నక్షత్రాలతోను వస్తాడని, అప్పుడు గోడలు, గొలుసులు, చివరకు ఈ శరీరమే తనకు తెలియకుండా పోతుందని చెబుతుంది. దాని తరువాతి మాటలకొరకే ఈ పద్యాన్ని చదవవలసి ఉన్నది. తిరిగివచ్చే క్షణం ఘోరమైనదట. చెవికి వినికిడి, కంటికి చూపు తిరిగి వచ్చినప్పుడు, నాడి కొట్టుకొనడం మొదలైనప్పుడు, గొలుసు బరువు మాంసానికి తగిలినప్పుడు కలిగే బాధకు సాటి లేదట. అయినను ఆ బాధలో ఒక్క ముల్లునైన తగ్గించుకొనడం తనకు ఇష్టం లేదంటుంది. ఆమె మాట విన్న చెరసాల కాపరి, యజమాని ఇద్దరూ బదులు చెప్పలేక వెనుదిరిగారు. ఆమెను బాధింపగల శక్తి తమకు ఇక లేదని వారికి అప్పుడు తెలిసినది.